దొనాతా గీసిన సుద్దగీత

మా ఊళ్ళో దొనాతా పేరెత్తితే చాలు, "ఎవరు, మరీనమ్మకి అడ్డం నిలబడిందే, ఆవిడా?" అంటారు. అంతకు ముందు అన్నేళ్ళు ఆమె చేసిన పని ఒక్కరికీ గుర్తు లేదు. వాళ్ళని తప్పు పట్టి లాభం లేదు. ఆమె పని చేసినన్నాళ్ళూ ఏమీ జరగలేదు. జరగనిదాన్ని ఎవరు మాత్రం గుర్తు పెట్టుకుంటారు?

నా కాఫీకొట్టు చర్చి ముందున్న కూడలి మూలన ఉంది. పాతసందు వచ్చి కూడలిలో కలిసేది సరిగ్గా నా గుమ్మం పక్కనే. ఆ రోజు ఏం జరిగిందో కళ్ళారా చూసినదాన్ని నేను. చూడనివాళ్ళు ఊరంతా తిరిగి చెబుతున్నారు కాబట్టి నేనూ చెబుతాను. నా పేరు ఆగాతా. నాకు నోరెక్కువని అంటారు. అననివ్వండి.

దొనాతా పొట్టి మనిషి, గొంతు మాత్రం చర్చి గంటకి పోటీ. తండ్రి ఒరోన్జో పండగలకి దీపాల తోరణాలు కట్టేవాడు. తెల్లరంగు వేసిన కొయ్య కమానులు నిలబెట్టి వేల దీపాలు బిగించే పని అది. పిల్లలిద్దరికీ నడక వచ్చిన మర్నాటినుంచే ముడి వెయ్యడం నేర్పాడు. ఆయన పోయాక కొడుకు పొంపీలియోకి, పండగనాడు ఊరేగే మా చర్చి పునీతురాలు మరీనమ్మ పల్లకీ ఎడమ ముందు కర్ర వచ్చింది. మా ఊళ్ళో ఆ కర్ర భుజాన వేసుకునే హక్కు తండ్రినుంచి కొడుక్కే వస్తుంది. కూతురికి పనిముట్ల పెట్టె వచ్చింది. పంపకంలో అన్యాయం జరిగిందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

తోరణాల పని తగ్గిపోయి పండగ రాత్రి పాట కచేరీలు పెరిగాక దొనాతా స్పీకర్లు వేలాడదీసే పనిలోకి దిగింది. వేదికకి ఇటొకటి అటొకటి ఇనప టవర్లు, ఒక్కోదానికి వెల్లుల్లి జడలా ఒకదాని కింద ఒకటి తగిలించిన పెద్ద పెట్టెలు. ఒక్కో పెట్టె ఇద్దరు మగాళ్ళు మొయ్యాలి. వాటిని జనం నెత్తిమీదుగా అంత ఎత్తున నిలబెట్టాలి. అవి అక్కడ ఉన్నాయన్న సంగతే ఎవరికీ తట్టకూడదు. పని బాగా జరిగిందంటే అర్థం అదే.

ఆమె పని చేస్తుంటే చూడటం నాకు సరదా. ముందు నేల చూసేది. బండలు గట్టివో కావో కాలితో తన్ని చూసి, రసమట్టం పెట్టి టవరు నిటారుగా ఉందో లేదో సరి చేసేది. నాలుగు వైపులా ఊతకాళ్ళు చాపి, వాటి మీద కాంక్రీటు దిమ్మలు పేర్చేది. పెట్టెకీ పెట్టెకీ మధ్య ఉండే ప్రతి పిన్నునీ వేలితో తాకేది. కంటితో చూస్తే చాలదట, కన్ను తనకి కావలసింది చూస్తుందట. చైన్ పుల్లీతో నడుమెత్తు వరకూ లేపి ఆపేసేది. మళ్ళీ మొదటినుంచి అన్నీ తాకేది. అప్పుడు పైకి. పైకి వెళ్ళాక గొలుసు ఒక్కదాన్నే నమ్మకుండా ఇంకో ఉక్కుతీగ కట్టేది. ఇదంతా అయ్యేలోపు కింద ఎవరైనా అడుగు పెట్టారో, వాళ్ళ ఏడు తరాలకీ తిట్లు వినపడేవి.

చివరికి సుద్దముక్క తీసి టవరు చుట్టూ గీత గీసేది. టవరు పడితే ఎంత దూరం పడుతుందో అంత దూరం. ఆ గీత లోపల పండగైనా పెళ్ళైనా ఎవరూ నిలబడకూడదు.

"ఏమే, ఎప్పుడైనా ఏదైనా పడిందా? ఎవరైనా పోయారా? ఎందుకే నీకింత చాదస్తం?" అని ఓసారి అడిగాను.

"ఏదీ పళ్ళేదక్కా. అందుకే ఇంత అరుస్తున్నా," అంది. "నాకంటే బాగా కట్టేవాడు ఈ జిల్లాలో ఉంటే చూపించు. వాడి కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటా."

అణకువ ఆమె జాతకంలో లేదు.

ఆ ఏడు పురపాలకం వాళ్ళు కూడలి మధ్యలో ఫౌంటెన్ కడతామని పెద్ద గొయ్యి తవ్వి వదిలేశారు. వేదిక నా కొట్టు వైపుకి జరగాల్సి వచ్చింది. ఎడమ టవరు ఊతకాలు ఒకటి సరిగ్గా పాతసందు నోట్లో పడింది. పండగ కమిటీ పెద్ద లిబోరియో, మాంసం కొట్టు లిబోరియో, నా ఎదురుగానే దొనాతాకి మాటిచ్చాడు. ఈ ఒక్క ఏడాది ఊరేగింపు చర్చి వీధిలోంచి తిప్పుతామన్నాడు. ఆ మాట మీదే ఆమె టవరు నిలబెట్టింది.

పండగనాడు పొద్దున పెట్టెలన్నీ పైకెక్కాక అతను మళ్ళీ వచ్చాడు. నా దగ్గర బాదంపాలు పోసిన చల్ల కాఫీ తీసుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"దొనాతమ్మా, చిన్న మాట. మోసేవాళ్ళు ఒప్పుకోవట్లేదు. అమ్మ పాతసందులోంచే రావాలంటున్నారు. ఒక్క పది నిమిషాలు ఆ కాలు తీసేశావనుకో, అమ్మ ఇలా వచ్చి అలా వెళ్ళిపోతుంది."

"నీ కాలు తీసెయ్ పది నిమిషాలు. లేచి కాఫీ తాగు చూద్దాం."

"వేళాకోళం కాదే. గాలి కూడా లేదు. జెండా చూడు, నా కొట్లో కోడిలా వేలాడుతోంది."

"దక్షిణపు గాలి వీస్తోంది, నీకు తెలియట్లేదంతే. సాయంత్రానికి అది చచ్చిపోతే ఉత్తరాన్నుంచి ఎలాంటి ఈదురుగాలి వస్తుందో ద్రాక్షతోట ఉన్నోడివి నీకు నేను చెప్పాలా?"

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరికే అన్నారా?"

"సరే, రెండు దార్లు చెప్తా విను. మొత్తం కిందికి దించేస్తా. అమ్మ దాటాక మళ్ళీ ఎత్తుతా. కచేరీ ఆలస్యమవుద్ది."

"పాటగాడు ఆగడే. రాత్రికే ఇంకో ఊళ్ళో పాడాలంట."

"అయితే అమ్మని చర్చి వీధిలోంచి తీసుకుపో. ఇచ్చిన మాట అదేగా."

"అది కుదరదు," అన్నారెవరో వెనకనుంచి. పొంపీలియో. అప్పటికే తెల్లచొక్కా, నడుముకి ఎర్రపట్టీ. "తాతల కాలంలో ఒక్కసారి దారి మార్చారు. వడగళ్ళు పడి తోటలన్నీ నేలమట్టమైపోయాయి. మరీనమ్మ ఈ భుజమ్మీద ఉండగా దారి మారదు."

"అన్నా, టవరు ఒరిగితే ముందు పడేది ఆ భుజమ్మీదే. ఎడమ కర్ర నీదే కదా, టవరూ ఎడమే."

"భుజమ్మీద అమ్మ ఉంటే ఏమవుద్దే? నాన్న మోసిన దారి ఇది. నాన్నకి మరీనమ్మ మీద నమ్మకం ఉండేది."

"నాన్నకి మోకు మీద కూడా నమ్మకం ఉండేది. అందుకే ముసలాడై మంచం మీద పోయాడు."

పొంపీలియో చెల్లెల్నీ, టవరునీ, ఆ ఊతకాలినీ ఓసారి చూసి వెళ్ళిపోయాడు.

మా వైపు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎండ దిగేదాకా ఊరు చచ్చిపోతుంది. తలుపులన్నీ మూసేస్తారు. ఆ వేళ వీధిలో తిరిగేవి పిచ్చికుక్కలూ దయ్యాలూనే అని చెప్పి మా అమ్మమ్మ మమ్మల్ని గదిలో పెట్టి గొళ్ళెం వేసేది. పండగ రోజైనా అంతే. దొనాతా టవరు చుట్టూ ఇంకోసారి తిరిగి, స్నానం చేసి వస్తానని ఇంటికి పోయింది. ఆ వేళ టవరు దగ్గరికి ఎవరైనా వస్తారని ఆమెకి తోచలేదు. మా ఊరివాళ్ళకి ఎవరికీ తోచదు. నేనూ కొట్టు తలుపు రెక్క దించుకుని నిద్రపోయాను.

సాయంత్రం రెక్క ఎత్తేసరికి కూడలి నిండిపోయింది. బాదం అచ్చుల బండ్ల దగ్గర పిల్లలు మూగారు. పందిరి కింద తలనొప్పివాళ్ళు వరసగా నిలబడ్డారు. మా మరీనమ్మ తలనొప్పులు తీర్చే తల్లి. ఆవిడ పండగ రాత్రే ఊరంతటికీ తలనొప్పి తెప్పించే కచేరీ పెట్టడం మా కమిటీ తెలివి. అమ్మ దాటే దారిలో ప్రతి మేడమీదనుంచీ పెళ్ళినాటి పట్టు దుప్పట్లు వేలాడుతున్నాయి. అది మా ఆనవాయితీ. అమ్మ కంట మంచి గుడ్డ పడాలి.

టవరు మొదట్లో కూడా ఒక దుప్పటి కప్పి ఉంది. నీలం పట్టు, దాని మీద పసుపు పక్షులు. దొనాతా తల్లి పెళ్ళి దుప్పటి. పొంపీలియో ఇంట్లో పెట్టెలో ఉండేది. అన్నా చెల్లెళ్ళు రాజీపడ్డారు, టవరుకి కూడా అమ్మ దగ్గర మర్యాద చేశాడు కాబోలనుకుని సంతోషించాను. నా బుద్ధిని చెప్పుచ్చుకు కొట్టాలి.

సందు పైకొసన బ్యాండు మోత వినిపిస్తుండగా దొనాతా వచ్చింది. తడి జుట్టు ముడేసుకుని, చర్చికి వేసుకునే నల్ల బూట్లతో. దుప్పటి చూసి ఆగిపోయింది. ఆ మొహం అంత మెత్తబడటం నేనెప్పుడూ చూడలేదు.

"మా అమ్మ దుప్పటక్కా," అంది. వంగి అంచు పట్టుకుని కళ్ళకద్దుకోబోయింది.

అంచు లేచింది. కింద ఊతకాలు లేదు. కాంక్రీటు దిమ్మలు గోడవారకి నెట్టేసి ఉన్నాయి. సుద్దగీత అన్ని పాదాల కింద పడి ఎప్పుడో చెరిగిపోయింది.

ఎవరు తీశారో అడగక్కర్లేకపోయింది. దొంగతనంగా కప్పలేదు పొంపీలియో. తల్లి దుప్పటి కప్పితే, దాని మీద మరీనమ్మ చూపు పడితే, కాలు లేని టవరు కూడా నిలబడుతుందని మనసారా నమ్మి కప్పాడు. గుడ్డ కప్పితే గాలికి తెరచాప అవుతుందని ఒరోన్జో కొడుక్కి తెలియకపోవడమేమిటి? తెలుసు. ఆ రోజుకి పక్కన పెట్టాడు.

దొనాతా తల పైకెత్తింది. నేనూ ఎత్తాను. అంత బరువూ సందు నోటి మీద నల్లగా వేలాడుతోంది. దాని కింద చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. పొద్దున్నుంచీ మెడకి చుట్టుకున్న దక్షిణపు గాలి ఠక్కున ఆగిపోయింది. జెండా కర్రకి అతుక్కుపోయింది. చర్చి గోపురం చుట్టూ గోల చేసే పిట్టలు ఒక్కటీ లేవు.

"ఆగాతక్కా, కుర్చీలన్నీ లోపలికి లాగెయ్. ఈ జనాన్ని నీ కొట్లోంచి వెనక వీధిలోకి తోలెయ్. గట్టిగా అరిచెయ్, నీకు చేతనైనంత గట్టిగా."

ఆ ఒక్క పనీ నాకు బాగా చేతనవును. నేను అరుస్తుండగా ఆమె సందులోకి పరిగెత్తింది. అప్పటికి పల్లకీ పది బారల దూరంలో ఉంది. ముందు ఎడమ కర్ర కింద పొంపీలియో, చెమటతో చొక్కా ఒంటికంటుకుపోయి. దొనాతా సందుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

మా ఊళ్ళో అమ్మకి ఎవరూ అడ్డం నిలబడరు. శవం ఎదురొచ్చినా శవమే పక్కకి తప్పుకుంటుంది. బ్యాండువాళ్ళు ఒక్కొక్కరే ఊదడం ఆపేశారు.

"తప్పుకో," అన్నాడు పొంపీలియో.

"దించన్నా."

"దొనాతా, అమ్మ వస్తోంది, తప్పుకో."

"కనపడుతోంది. ఆపింది నేనని అమ్మకి చెప్పు. పాపం నాది. నువ్వు దించు."

"నీ చేతులు పడిపోను!" అని ఒక ముసలమ్మ మేడ మీదనుంచి శాపనార్థం పెట్టింది. ఎవరో ఉమ్మేశారు. దొనాతా కదల్లేదు. బరువు భుజాలమీద, ముందు దారి లేదు. చివరికి పొంపీలియో పళ్ళు కొరికి దించమని చెప్పాడు. మోసేవాళ్ళు పంగల కర్రలు దింపి పల్లకీని వాటి మీద ఆన్చారు. దారి మధ్యలో మరీనమ్మ ఆగడం నా ఎరుకలో అదే మొదలు.

తర్వాత దొనాతా ఒక్కతే టవరు దగ్గరికి వెళ్ళింది. ముందు దుప్పటి తీసి పక్కన పెట్టింది. తోడు వస్తానన్న తన పనివాణ్ణి కూడా గీత ఉండాల్సిన చోటే ఆపేసింది. చైన్ పుల్లీ గొలుసు పట్టుకుని ఒక్కో లంకె చొప్పున పెట్టెల్ని దించసాగింది. ఆ టకటక తప్ప కూడలిలో ఇంకో చప్పుడు లేదు. మధ్యలో టవరు కాలు లేని వైపుకి కొంచెం, చాలా కొంచెం, తల వంచింది. ఆమె ఆపేసింది. గొలుసు మీద చెయ్యి అలాగే ఉంచి, టవరు నిమ్మళించేదాకా కళ్ళు మూసుకుని నిలబడింది. మళ్ళీ టక్, టక్. ఆఖరి పెట్టె నేలకి ఆనాక అక్కడే చతికిలబడి మోకాళ్ళలో మొహం పెట్టుకుంది.

లేచాక దుప్పటి మడత పెట్టి అన్న చేతికివ్వబోయింది. అతను చెయ్యి చాపలేదు. ఆమె దాన్ని మరీనమ్మ పాదాల దగ్గర పెట్టి పక్కకి తప్పుకుంది. పల్లకీ కూడలి దాటింది.

ఇక్కడ ఉత్తరపు గాలి ఊరి మీద పడిందని, దీపాలూ తోరణాలూ ఎగిరిపోయాయని చెబితే మీకు బావుంటుంది. నాకూ బావుండేది. ఆ రాత్రి ఆకు కూడా కదల్లేదు. పెట్టెలు మళ్ళీ ఎక్కించేలోపు పాటగాడు కారెక్కి వెళ్ళిపోయాడు. అచ్చుల బండ్లవాళ్ళు సరుకంతా వెనక్కి తీసుకుపోయారు. గాలి లేని ఆ చీకట్లో దొనాతా దిమ్మలు మోసుకుంటుంటే ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. ఆమె తరఫున నాకు ఏడుపొచ్చింది, ఊరి మీద ఒళ్ళు మండిపోయింది.

మరుసటి ఏడు కమిటీ వేరే ఊరివాళ్ళని పిలిచింది. మంచివాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, వాళ్ళకి ఊరంతా చుట్టాలైపోయింది. ఫౌంటెన్ గొయ్యి అలాగే ఉంది, వేదికా అక్కడే. ఊరేగింపు వేళకి లిబోరియో ఓ చిరునవ్వు నవ్వితే వాళ్ళు ఓ చిరునవ్వు నవ్వి ఊతకాలు తీసేస్తారు. అమ్మ దాటాక మళ్ళీ పెడతారు. ఏమీ కాలేదు. ఆ తర్వాతి ఏడూ ఏమీ కాలేదు.

"చూశావా?" అంటాడు లిబోరియో నాతో.

"చూస్తూనే ఉన్నాను," అంటాను.

అన్నా చెల్లెళ్ళకి మాటల్లేవు. చర్చిలో ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు. అయినా పండగనాడు పల్లకీ నా గుమ్మం దాకా వచ్చేసరికి దొనాతా జనంలోంచి వచ్చి అన్న పక్కన నడుస్తుంది. అతనికి ఎడమన, అంటే అతనికీ టవరుకీ మధ్య. టవరు దాటేదాకా నడిచి ఆగిపోతుంది. "ప్రాయశ్చిత్తం చేసుకుంటోంది పాపం," అంటారు మా ఊరి ఆడవాళ్ళు. ఆమె మరీనమ్మ వైపు ఒక్కసారి కూడా చూడదు. జెండా చూస్తుంది, పైన పిన్నులు చూస్తుంది, ఊతకాలు ఉండాల్సిన చోటు చూస్తుంది.

పోయినేడు పొద్దున్నుంచీ దక్షిణపు గాలే. సాయంత్రానికి ఠక్కున ఆగింది. ఒకప్పుడు సుద్దగీత ఎక్కడిదాకా వచ్చేదో నాకు గుర్తే. నా కుర్చీలన్నీ దాని అవతలికి లాక్కుని గుమ్మంలో నిలబడ్డాను. పల్లకీ వచ్చింది. దొనాతా వచ్చి తన చోట నడవసాగింది. సరిగ్గా నా ముందుకి వచ్చాక పొంపీలియో తల తిప్పకుండా, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు:

"కుడిపక్కకి రావే, దొనా."

అంటే టవరు పడొచ్చని అతనికి తెలుసు. ఇన్నేళ్ళూ తెలుసు. తెలిసి కూడా దారి మార్చడు. మార్చాక వడగళ్ళు పడితే ఊరు అతన్ని బతకనివ్వదు. మార్చక టవరు పడితే దేవుడి చిత్తమని అందరూ కలిసి ఏడుస్తారు.

దొనాతా పక్కకి పోలేదు. వాళ్ళు టవరు కింద ఉండగా జెండా ఒక్కసారి విప్పారింది. ఉత్తరపు గాలి. పైన ఇనుము కిర్రుమన్న చప్పుడు నేను విన్నాను, అతనూ విన్నాడు, మెడలో నరం బిగిసింది. అడుగు మాత్రం తప్పలేదు. దాటేశారు. గాలి అంతటితో పోయింది. లిబోరియో దూరంనుంచి నా వైపు చూసి చెయ్యి ఊపాడు.

వచ్చే ఆదివారం మళ్ళీ పండగ. టవర్లు నిన్న లారీలో వచ్చి దిగాయి. దొనాతా కొట్టుకొచ్చి కాఫీ తాగుతూ, వాళ్ళు వాటిని నిలబెట్టడం చూస్తూ కూర్చుంది. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఈసారైనా కుడిపక్కన నడవవే. మీ అన్నే రమ్మన్నాడుగా."

ఆమె కప్పు కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"అన్న మోసేది ఎడమ కర్రే కదక్కా," అంది.